లెవెల్ పైపు: బత్తాయి తోట వాలు చూడటానికి భేషైన సాధనం

నల్లగొండ హార్డ్‌వేర్ షాపుల్లో మీటరు లెక్కన కోసిచ్చే, నీళ్లు బయటికి కనిపించే ప్లాస్టిక్ పైపు ఇది. డ్రిప్ లైన్లు వేసేముందు నేల వాలు చూడటానికి ఇంతకంటే నమ్మకమైన చవక సాధనం లేదు. పదో తరగతి సూత్రమే: ఎత్తుల తేడాను అడ్డం దూరంతో భాగించాలి.

నీళ్లు నింపిన పైపు కొనలను తోటలో రెండు చోట్ల ఒక్కోటి నిలబెడితే, రెండింట్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. రెండు చోట్లా నేల నుంచి ఆ నీటిమట్టం దాకా టేపుతో కొలవండి. మొదటి చోట 120, రెండో చోట 138 సెంటీమీటర్లు వచ్చాయనుకుందాం. కొలత పెరిగిందంటే నేల దిగినట్టు. చాలామంది తిరగేసేది ఇక్కడే. దూరం 12 మీటర్లయితే వాలు మైనస్ 18 బై 1200, అంటే మైనస్ 0.015. మీటరుకు ఒకటిన్నర సెంటీమీటర్ల పల్లం. 18ని నేరుగా 12తో భాగించి వాలు 1.5 అనుకోవద్దు, ప్రమాణాలు వేరు. దూరాన్నీ టేపు మట్టంగా లాగే కొలవాలి, నేల వెంట కాదు.

లోపం ఒకటే, గాలి బుడగలు. ఒక్కటి ఇరుక్కున్నా మట్టం తప్పుతుంది. బకెట్ ఎత్తున పెట్టి నీళ్లు మెల్లగా పీల్చి నింపాలి. చదివేటప్పుడు కొనల మీద బొటనవేలు ఉండకూడదు. మరీ సన్న పైపు కొనకండి, బుడగలు కదలవు.