మ్యాట్రిక్సా, డెసిషన్ ట్రీనా, ఎఫ్‌ఎంఈఏనా: పల్లీ యూనిట్‌కి ఏది మేలు?

"హాసప్ ప్లాన్ రాసుకుంటున్నాం, రిస్క్ అసెస్‌మెంట్‌కి ఏ పద్ధతి పెట్టుకోమంటారు?" అని నెలకు ఇద్దరు ముగ్గురైనా అడుగుతుంటారు. హాసప్ అంటే ఆహార తయారీలో ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే గుర్తించి అదుపు చేసే పద్ధతి. ఈమధ్యే అనంతపురం వైపు ఒక పీనట్ బటర్ యూనిట్‌లో ప్లాన్ తిరగరాశాను. ఆ పని దగ్గర పెట్టుకునే చెప్తాను.

అందరి దగ్గరా ఉండేది 5×5 మ్యాట్రిక్స్. జరిగే అవకాశానికి ఒక అంకె, జరిగితే కలిగే హానికి ఒక అంకె, రెండూ గుణిస్తే ఒక రంగు. పని త్వరగా తెములుతుంది, ఆడిటర్లకూ అలవాటే. ఆహార భద్రత ప్రమాణం ఐఎస్ఓ 22000:2018 కూడా ప్రతి ప్రమాదానికీ అవకాశం, తీవ్రత రెండూ చూడమంటుంది కాబట్టి దీన్ని పూర్తిగా వదిలేయలేం. నా అభ్యంతరమల్లా ఆ మొదటి అంకె మీదే. ఆ యూనిట్ పాత షీట్‌లో సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియాకి అవకాశం 1, తీవ్రత 5, మొత్తం 5 అని వేసి, భయం లేదన్నట్టు ఆకుపచ్చ రంగు పూశారు. కారణం రాసే గడిలో రెండే మాటలు: "రోస్టింగ్ ఉంది".

షీట్ పక్కన పెట్టి లోపలికి వెళ్లాను. రోస్టర్‌లోంచి దిగిన పల్లీలు కూలింగ్ బెడ్ మీద పరిచి ఉన్నాయి. వాటిని చల్లార్చే ఫ్యాన్ గాలి లాగేది పచ్చి పల్లీల బస్తాలు విప్పే వైపు నుంచి. బెడ్ అంచున వేలు పెడితే ఎర్రమట్టి దుమ్ములో గీత పడింది. రెండు వైపులా ఊడ్చేది ఒకటే చీపురు. రోస్టర్ దగ్గరున్న పెద్దాయన్ని అడిగాను, "ఇక్కణ్నుంచి డబ్బాలోకి పోయేలోపు మళ్లీ ఎక్కడైనా వేడి తగుల్తుందా అన్నా?" అని.

"యాడుంది సార్! పొట్టు తీసేది, ఆడించేది, నింపేది, అంతే."

డెసిషన్ ట్రీ అంటే ఏ దశలో ప్రమాదాన్ని తప్పక అదుపు చేయాలో వరస ప్రశ్నలతో తేల్చే పద్ధతి. అది అడిగేది సరిగ్గా ఇదే. అందులో నాలుగు ప్రశ్నలున్నా, తర్వాతి దశల్లో ఎక్కడైనా ఈ ప్రమాదం తొలగిపోతుందా అన్నదే నా లెక్కలో అసలు ప్రశ్న. 1 వేయాలా 2 వేయాలా అంటే ఎవరి అంచనా వాళ్లది. తర్వాత వేడి ఉందా లేదా అంటే ఉంది, లేదు, రెండే జవాబులు. అవి చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు, లైన్ మీద నిలబడి పనిచేసిన అనుభవం చాలు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2020 సవరణలో ఈ ట్రీని తీసేసి 2022లో మళ్లీ చేర్చింది. చేర్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

పల్లీ విషయంలో ఈ ప్రశ్నను నేను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. వేపిన పల్లీలో నీరుండదు కాబట్టి సాల్మొనెల్లా పెరగదు, నిజమే. కానీ చావదు కూడా. నూనె ఎక్కువగా, తేమ తక్కువగా ఉన్న పదార్థంలో అది నెలల తరబడి బతుకుతుంది, వేడికీ మామూలు కంటే గట్టిగా తట్టుకుంటుంది. గ్రైండర్‌లో పుట్టే వేడిని నమ్ముకుంటే లాభం లేదు. 2008-09లో అమెరికాలో పీనట్ బటర్, పల్లీ పేస్ట్ తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, 9 మంది చనిపోయారు. ఆ సరుకు వచ్చిన ప్లాంట్‌లోనూ రోస్టర్ ఉంది.

ట్రీకి లోటు లేకపోలేదు. శుభ్రత నియమాలు ముందే గట్టిగా లేకపోతే ప్రతి దశా సీసీపీ (తప్పక అదుపులో ఉంచాల్సిన కీలక దశ) అయి కూర్చుంటుంది. ఏది ముందు సరిచేయాలో కూడా అది చెప్పదు. అందుకే మొదట చిన్న 3×3 మ్యాట్రిక్స్‌తో వడకట్టి, తీవ్రత ఎక్కువున్న ప్రతిదాన్నీ, అవకాశం ఎంత తక్కువ వేసినా సరే, ట్రీలోకి పంపిస్తాను.

ఎఫ్‌ఎంఈఏ అంటే ఏది ఎలా చెడిపోవచ్చో ఒక్కొక్కటిగా రాసి అంకెలు వేసే పద్ధతి. అందులో మూడు అంకెలు గుణిస్తారు: తీవ్రత, అవకాశం, పట్టుకోలేకపోవడం. చిక్కు ఆ గుణకారంలోనే ఉంది. సాల్మొనెల్లాకి 10×2×4 వేస్తే 80. మూత వదులుగా బిగించడానికి 4×6×4 వేస్తే 96. మనిషి ప్రాణం మూత వెనకాల వరసలో నిలబడాలి! ఈ పద్ధతిని బాగా వాడుకున్న ఆటోమొబైల్ రంగమే 2019 హ్యాండ్‌బుక్‌లో ఈ గుణకారాన్ని వదిలేసింది. అయినా ఆ మూడో అంకె వెనకున్న ఆలోచన నాకు ఇష్టం. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం లాట్ అంతా సమంగా పరుచుకుని ఉండదు. ఒక బస్తాలో బూజు పట్టిన నాలుగు గింజలు చాలు, పక్క బస్తాలో తీసిన శాంపిల్‌కి క్లీన్ రిపోర్టే వస్తుంది. నేరుగా తినే పల్లీలో యూరప్ ఒప్పుకునేది అందులో బి1 అనే రకం అయితే 2 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో రెండు), మొత్తం 4 పీపీబీ మాత్రమే. ఎన్ని బస్తాల నుంచి ఎంత తీయాలి, కలర్ సార్టర్ ఎంత నమ్మకంగా ఏరుతోంది అన్న లెక్కకి ఎఫ్‌ఎంఈఏ పట్టికే వాడాను. మెటల్ డిటెక్టర్, సీలింగ్ మెషీన్లకూ అదే.

క్యూఎంఆర్‌ఏ (సూక్ష్మజీవుల వల్ల జబ్బు వచ్చే అవకాశాన్ని అంకెల్లో లెక్కగట్టే పద్ధతి) సంగతీ అడుగుతుంటారు. అది ప్రభుత్వాలు, పరిశోధకులు చేసే పని, యూనిట్ స్థాయిలో అవసరం పడదు. పేరు హాసప్‌లా వినిపించే హాజాప్ వేరే పద్ధతి, అది రసాయన ప్లాంట్లకి.

ఆ యూనిట్‌లో రోస్టింగ్ అప్పటికే సీసీపీ, అలాగే ఉంచాం. రోస్టర్ తర్వాత గోడ కట్టించాం, ఫ్యాన్ గాలి తీసుకునే చోటు మార్చి ఫిల్టర్ పెట్టించాం. పచ్చి వైపు ఎర్ర చీపురు, వేపిన వైపు నీలం చీపురు. కూలింగ్ బెడ్, పొట్టు తీసే మెషీన్ చుట్టూ వారానికోసారి స్వాబ్ తీసి ల్యాబ్‌కి పంపుతున్నారు. పాత షీట్‌లో ఆకుపచ్చగా ఉన్న గడిలో ఇప్పుడు "రోస్టింగ్ తర్వాత వేడి లేదు" అని రాసి ఉంది.