బెంగళూరులో తెలుగు సమ్మతి పత్రం చేయించుకుంటున్నారా?

మారతహళ్లి పీజీల్లోనో, వైట్‌ఫీల్డ్ కట్టడాల దగ్గరో తెలుగువాళ్లను కలిసి మానసిక ఆరోగ్యంపై సర్వే చేయాలంటే ఇంగ్లీషు ఫారం పనికిరాదు. అలాంటి పత్రాలను తెలుగులో చేసిచ్చే ఒక అనువాద సేవ సెట్‌ను వరుసగా చదివి చూశాం. అందులో సమాచార పత్రం, సమ్మతి పత్రం, డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నలు ఉన్నాయి.

భాష బాగుంది. ‘స్వచ్ఛందంగా అంగీకరించుచున్నాను’ లాంటి కోర్టు కాగితం తెలుగు లేదు. ‘మధ్యలో మానేసినా నన్నెవరూ ఏమీ అనరు’ అని రాశారు. చదవగానే అర్థమవుతుంది.

‘మీ పేరు ఎవరికీ తెలియదు’ అన్న వాక్యం మాత్రం అబద్ధం. కిందే సంతకం అడుగుతున్నారు కదా! పేరుకు బదులు కోడ్ నంబరు వాడతామనీ, ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితాను విడిగా తాళం వేసి ఉంచుతామనీ, దాన్ని ఎప్పుడు చింపేస్తామో కూడా రాయాలి. ఆ జాబితా పోయాక ‘నా జవాబులు తీసేయండి’ అంటే తీయడం కుదరదు. కాబట్టి గడువు తేదీ ముందే చెప్పాలి.

అసలు లోపం పీహెచ్‌క్యూ-9లో ఉంది. దానికి ఇప్పటికే తెలుగు రూపం ఉండగా వీళ్లు మళ్లీ అనువదించారు. మాటలు మారితే స్కోరును పాత అధ్యయనాలతో పోల్చలేం. అంతకన్నా ముఖ్యం తొమ్మిదో ప్రశ్న. అది చావు ఆలోచనల గురించి. సున్నా (‘అసలు లేదు’) కాకుండా ఏ జవాబు వచ్చినా మనిషి వెళ్లకముందే చూడాలి, అక్కడే మాట్లాడాలి, ఏ వైద్యుడి దగ్గరికి పంపాలో ముందే ఖాయం చేసుకోవాలి. అవసరమైతే ఆ విషయం వైద్యుడి లాంటి బయటివాళ్లకు చెబుతామని సమాచార పత్రంలో ఉండాలి. ఈ సెట్‌లో చివర ‘ధన్యవాదాలు’ తప్ప ఏమీ లేదు. కనీసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అయినా వేయాలి. పేరు అడగని ఆన్‌లైన్ ఫారమైతే ఆ మనిషిని వెతికి పట్టుకోలేం. అప్పుడు ఆ ప్రశ్న లేని పీహెచ్‌క్యూ-8 వాడడమే న్యాయం.

పిల్లల పత్రం అసలే లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం అమ్మానాన్నల సమ్మతితో పాటు 7 నుంచి 12 ఏళ్ల వాళ్లను నోటితో అడగాలి, ఆపైన 18 లోపు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి.

వేలిముద్ర పక్కన సాక్షి గడి ఉంది, మంచిదే. ఆ సాక్షి పరిశోధన బృందంలోని మనిషి కాకూడదు, మేస్త్రీ అసలే కాకూడదు. కూలీ ఇచ్చేవాడు పక్కన నిలబడితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

అనువాదం వరకు ఈ సేవ తీసుకోవచ్చు. అర్థం మారిందేమో చూడడానికి తిరిగి ఇంగ్లీషులోకి మార్చే పని మాత్రం మూలం చూడని వేరే మనిషికి ఇవ్వండి. తర్వాత నలుగురికి చదివి వినిపించి, అర్థమైంది వాళ్ల మాటల్లో చెప్పమనండి. తడబడిన చోటల్లా వాక్యం మార్చాకే, పరిశోధనకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి పంపండి.