మూడు ఫామ్‌లు, ఒక ఒట్టు

ఈసారి సెలవుల్లో పిల్లల్ని కమ్యూనిటీ ఫామ్‌లకి తిప్పాం. పదిమంది కలిసి నడుపుకునే పొలాలివి. జీతానికి పనిచేసేవాళ్ళు ఒకరిద్దరే ఉంటారు, మిగతాదంతా వలంటీర్ల చలవ. బళ్ళ నుంచి పిల్లలొస్తారు. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళు, నేర్చుకోవడంలో ఇబ్బందులున్న యువకులు వారానికోసారి వచ్చి మట్టిలో పని చేసుకుని పోతుంటారు. మా పాపకి తొమ్మిదేళ్ళు, అక్క కొడుకుకి ఆరు. మూడు చోట్లకి వెళ్ళాం, మూడో చోట రెండు రాత్రులు ఉన్నాం.

అందం మాటకొస్తే మొదటిదే మొదటిది. చెరువు, బాతులు, చెట్ల కింద బెంచీలు, బార్లా తెరిచిన గేటు. బల్ల మీద రిజిస్టర్ ఉంది గానీ పెన్ను లేదు. పక్కనే నియమాల బోర్డు, చదవాలంటే అరపూట పడుతుంది. లోపలికి పోయిన గంటకి మావాడు కనిపించలేదు. పది నిమిషాలే అనుకోండి, ఆ పది నిమిషాల టెన్షన్ నాకే తెలుసు. ఎదురైన ప్రతి వలంటీరూ "ఇక్కడే ఎక్కడో ఉంటాడులెండి" అన్నారు తప్ప ఒక్కరూ వెళ్ళి గేటు వెయ్యలేదు. చివరికి షెడ్డు వెనక ట్రాక్టర్ సీటు మీద దొరికాడు. తాళం చెవి దానికే ఉంది.

"ఒక అంకుల్ ఎక్కించాడు పిన్నీ, కూర్చో ఇప్పుడే వస్తానన్నాడు."

ఏ అంకుల్? ఎవరినడిగినా తెలియదన్నారు. మెడలో కార్డు లేదు, షర్టు మీద పేరు లేదు. వలంటీరో, మాలాగా చూడ్డానికి వచ్చినవాడో కూడా తేలలేదు. మంచి మనసుతోనే ఎక్కించి ఉంటాడు, బహుశా. ఆ 'బహుశా' దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆ సాయంత్రమంతా బాతులు గుర్తు రాలేదు.

రెండోది పూర్తిగా ఎదురు. గేటు దగ్గరే నాలుగు పేజీల ఫారం, చేతికి రంగు పట్టీ, గీత దాటితే ఈల. మా ముందున్న ఒకావిడ గర్భవతి. గొర్రెలు ఈనే రోజులు కాబట్టి ఆ దొడ్డి వైపు రావద్దన్నారు. ఆవిడ మొహం చిన్నబోయింది. చెప్పింది సరైన మాటే. ఈనిన గొర్రెల నుంచి, అప్పుడే పుట్టిన పిల్లల నుంచి వచ్చే కొన్ని ఇన్ఫెక్షన్లు కడుపులో బిడ్డకి ప్రమాదం. కానీ ఆ ఒక్క వాక్యం ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. "ఎందుకండీ?" అంటే "రూల్ అండీ" అన్నారు. కుళాయిలు మాత్రం మూడింటిలోకీ ఇక్కడే బాగున్నాయి. ప్రతి దొడ్డి బయటా ఒకటి, పిల్లల ఎత్తులో, సబ్బుతో సహా. పిల్లలకి ఈలే గుర్తుండిపోయింది.

ఇక మూడోది. బస అంతంతమాత్రం. గది చిన్నది, మంచాలు కిర్రుమంటాయి, స్నానాల గది నలుగురికీ కలిపి ఒకటే, సాయంత్రం ఆరు దాటితే కుళాయిలో నీళ్ళు సన్నగిల్లుతాయి. అయితే స్నానాల గది తలుపుకి లోపలి గడియ గట్టిగా ఉంది. వలంటీర్లు పడుకునే వరస వేరు, పిల్లలతో వచ్చినవాళ్ళ వరస వేరు, మధ్యలో రాత్రంతా వెలిగే దీపం. వారం ముందు నేనైతే ఇవి గమనించేదాన్నే కాదు.

మేం చేరిన మర్నాడు కొత్త వలంటీర్లకి సేఫ్‌గార్డింగ్ ట్రైనింగ్ ఉంది, అంటే ఫామ్‌కి వచ్చేవాళ్ళకి ఎవరివల్లా హాని జరగకుండా చూసుకోవడం ఎలాగో నేర్పడం. రాత్రి బస చేసేవాళ్ళలో ఇష్టమున్నవాళ్ళు కూర్చోవచ్చన్నారు. పిల్లల్ని కుండీల్లో విత్తనాలు నాటే గుంపుకి అప్పగించి వెళ్ళాను. ఆ గుంపుని చూసుకునేవాళ్ళు ఇద్దరు. ఒక్క పెద్దమనిషిని ఒంటరిగా పిల్లల దగ్గర ఉంచరట, అది పిల్లలకీ మంచిది, ఆ పెద్దమనిషికీ మంచిది. మూడు గంటల ట్రైనింగ్, గాలి ఆడని గదిలో. స్లైడ్లు మొదలవగానే నిద్ర ఖాయం అనుకున్నాను. స్లైడ్లు లేవు.

నేర్పే ఆవిడ మాలో ఒక కుర్రాణ్ణి లేపి, తను పదేళ్ళ పిల్లాడిలా గొంతు తగ్గించి, "అన్నా, నీకొకటి చెప్తాను, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంది. కుర్రాడు వెంటనే "ఒట్టు, చెప్పు" అన్నాడు. మేమెవరమైనా అదే అనేవాళ్ళం. అక్కడే ఆపింది. నిలబెట్టుకోలేని ఒట్టు వెయ్యకూడదు. రేపు మీరు ఇంకొకరికి చెప్పక తప్పని సంగతైతే, ఆ పిల్లాడు జన్మలో ఇంకెవరినీ నమ్మడు. "విని నీకు సాయం చేయగలవాళ్ళకి మాత్రం చెప్పాల్సి రావచ్చు, అయినా వింటాను చెప్పు" అనాలట.

తర్వాత ప్రశ్నలు. "కొట్టింది మీ నాన్నేనా?" అనకూడదు. జవాబు మనమే నోట్లో పెట్టినట్టవుతుంది. "ఏం జరిగింది?" చాలు. పిల్లాడు వాడిన మాటలే రాయాలి, మన భాషలోకి మార్చకూడదు. తేదీ, టైము, సంతకం. ఆ కాగితం అదే రోజు, ఫామ్‌లో ఇలాంటి విషయాలు చూసుకునే బాధ్యురాలి చేతికి వెళ్ళాలి. నిజమా కాదా తేల్చడం మన పని కాదు, వెళ్ళి ఇంట్లోవాళ్ళని నిలదీయడం అసలే కాదు. పిల్లాడు ఆ క్షణంలోనే ప్రమాదంలో ఉన్నాడనిపిస్తే కాగితం తర్వాత, ముందు పోలీసులకి ఫోన్. అనుమానం ఆ బాధ్యురాలి మీదే అయితే? నేను అడుగుదామనుకునేలోపే పక్కన కూర్చున్న పెద్దాయన అడిగేశాడు. గోడ మీద రెండో పేరు, బయటి ఫోన్ నంబరు చూపించింది. ముఖద్వారం దగ్గరా, బాత్రూం తలుపు లోపలి వైపునా కూడా అవే ఉన్నాయి. ఎవరూ చూడకుండా నంబరు రాసుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది!

పెద్దవాళ్ళ గురించి చెప్పిన భాగం నాకు కొత్త. సేఫ్‌గార్డింగ్ అంటే పిల్లలదే అనుకున్నాను. జ్ఞాపకశక్తి తగ్గినాయన దగ్గర ఎవరో పదే పదే డబ్బు 'అప్పు' తీసుకోవడం, నోరులేని కుర్రాడి మీద అందరి పేడపనీ పడటం, ఇవీ ఇందులోకే వస్తాయి. ఏం కావాలో ఆ మనిషినే అడగండి, వెంట వచ్చినవాళ్ళని కాదు, అంది.

జంతువుల సంగతి దొడ్డి దగ్గర నిలబెట్టి చెప్పారు. గుర్రానికి ఇంచుమించు చుట్టూరా కనిపిస్తుంది, తోక వెనకా ముక్కు ముందూ తప్ప. అందుకే వెనక నుంచి పోతే తంతుంది. ఆవు ఎంత సాధువైనా దూడ పక్కనుంటే దూరం. మా నాయనమ్మ చెప్పిందీ ఇదే. చేతులు కడుక్కోవడం దగ్గర మాత్రం ఒక పావుగంట గడిపారు. ఆవులూ మేకలూ గొర్రెలూ ఏ జబ్బూ లేకుండానే ఈ.కోలై ఓ157 అనే బాక్టీరియాని మోస్తుంటాయి, అది చిన్నపిల్లల కిడ్నీల్ని దెబ్బ తీయగలదు. 2009లో ఇంగ్లండ్‌లోని సర్రేలో ఒక ఫామ్‌తో ముడిపడి 93 మందికి సోకింది, ఎక్కువమంది పిల్లలే. శానిటైజర్ రాసుకుంటే సరిపోదు. మట్టి చేతుల మీద అది సరిగా పనిచేయదు, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవినైతే చంపదు. సబ్బు, పారే నీళ్ళు, బూట్లు విప్పాక మళ్ళీ ఒకసారి. ఇంత చెప్పిన చోట కుళాయి మాత్రం దొడ్డికి వంద అడుగుల దూరంలో, మావాడికి అందని ఎత్తులో ఉంది. ఫీడ్‌బ్యాక్ కాగితంలో ఇదే పెద్ద అక్షరాలతో రాశాను.

నేనూ ఒక తప్పు చేశాను. కుందేలుతో మా పాపని ఫోటో తీశాను. ఒకమ్మాయి దగ్గరికొచ్చి, "అక్కా, వెనక మా వాళ్ళు పడ్డారు, ఒకసారి చూస్తారా" అంది. నిజమే, వారంవారం వచ్చే యువకులిద్దరు ఫ్రేములో ఉన్నారు. వాళ్ళని అడగలేదు కదా. ముందు కాస్త ఉడుక్కున్నాను, తర్వాత చెరిపేశాను. ఆ అమ్మాయే ఖాళీ గోడ ముందు నిలబెట్టి నాలుగు మంచి ఫోటోలు తీసిపెట్టింది.

మధ్యాహ్నం పిల్లాడు తప్పిపోతే ఏం చేయాలో ప్రాక్టీస్ చేశారు. ఒక బొమ్మని దాచి విజిల్ వేశారు. మొదట మూతపడింది గేటు. ఆ తర్వాతే వెతుకులాట. నీటితొట్టి, ట్రాక్టర్ షెడ్డు, ఎరువు గుంత ముందు. బాతుల చెరువున్న మొదటి ఫామ్ గుర్తొచ్చింది.

ఆ రాత్రి గదిలో దీపం తీసేశాక మావాడు నా మంచం మీదికి పాకి వచ్చాడు.

"పిన్నీ, ఒకటి చెప్తాను, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి."

నా గుండె ఒక్క క్షణం ఆగింది. ఒట్టు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆపుకుని, "ఒట్టు వెయ్యలేను నాన్నా. సాయం చేసేవాళ్ళకి చెప్పాల్సి రావచ్చు. అయినా వింటాను" అన్నాను. చాలాసేపు ఆలోచించాడు.

"మేకకి నా శాండ్‌విచ్ పెట్టాను."

నవ్వాపుకోవడం కష్టమైంది. కానీ బయటి తిండి పెట్టొద్దనడానికి వాళ్ళు పొద్దున చెప్పిన కారణం చిన్నదేం కాదు. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి, సరిగా ఉడికించని వంటింటి వ్యర్థాలు పందులకి పెట్టిన చోట మొదలై పాకితే, 60 లక్షలకు పైగా జంతువుల్ని చంపాల్సి వచ్చింది. తెల్లారాక వాడి చెయ్యి పట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళాను. అక్కడున్నావిడ నవ్వలేదు, తిట్టలేదు. నోట్‌బుక్ తెరిచి, తేదీ వేసి, "ఏ మేకకి?" అని వాణ్ణే అడిగింది.

"నల్లచెవుల దానికి. సగమే. మిగతా సగం నేను తిన్నా."

ఉన్నది ఉన్నట్టు రాసుకుంది. తర్వాత పెన్ను కింద పెట్టి, "తినేముందు చేతులు కడిగావా?" అంది. మావాడు నా వైపు చూశాడు.