ఆటో స్టార్టర్‌తో ఆరేళ్లు: మూడు దీపాలూ వెలుగుతుండగానే

అనంతపురం జిల్లాలోని మా చీనీతోట బోరులో 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారుకు బిగించిన ఆటో స్టార్టర్ డబ్బాను ఆరేళ్లుగా వాడుతున్నాను. కరెంటు రాగానే దానంతటదే మోటారును ఆన్ చేస్తుంది కనుక, టార్చిలైటు పట్టుకొని తోటకు పరుగెత్తే బాధ తప్పిందని మొదటి ఏడాది కనబడిన రైతుకల్లా చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి ఉంది.

ఒక ఫేజు (మోటారుకు వచ్చే మూడు కరెంటు తీగల్లో ఒకటి) పోతే మోటారును ఆపుతుందన్న హామీని చూసే దానిని కొన్నాను. ఆగి ఉన్న మోటారు విషయంలో అది ఎన్నడూ తప్పలేదు. రెండు ఫేజులే వచ్చిన రోజున స్టార్టర్ కదలలేదు. కానీ మూడో వేసవిలో మోటారు నడుస్తుండగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు ఎగిరిపోయింది. డబ్బాపై ఫేజుకొకటి చొప్పున ఉన్న మూడు దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి, నీళ్లూ వస్తూనే ఉన్నాయి, నేను డ్రిప్పు పైపులు సరిచేసుకుంటూ ఉండిపోయాను. గంట తర్వాత నీళ్లు ఆగాయి. పైపులన్నీ పైకి లాగి మోటారు విప్పిస్తే, రెండు ఫేజుల చుట్లు మాడిపోయి, మూడోది మాత్రం కొత్తదానిలా మెరుస్తున్నది.

"పోయిన ఫేజును నీ మోటారే పుట్టించిందన్నా" అన్నాడు రివైండింగ్ మేస్త్రీ. మొదట నమ్మలేదు. మోటారు లోపల తిరిగే భాగమైన రోటరు కడ్డీలలో ప్రేరణ వలన కరెంటు పారుతూ ఉంటుంది కాబట్టి అది అయస్కాంతంలా పనిచేస్తుంది. ఆ అయస్కాంతం కరెంటు అందని చుట్ట ముందు తిరిగేసరికి అందులో వోల్టేజి పుడుతుంది. అంటే రెండు ఫేజులకు మోటారుగా ఉన్న యంత్రమే మూడో ఫేజుకు జనరేటరైంది. వోల్టేజిని మాత్రమే చూసే నా డబ్బా ఆ దొంగ ఫేజును అసలుదనుకున్నది. ఈలోగా బరువంతా రెండు తీగలపై పడి, వాటిలో కరెంటు సుమారు 1.7 రెట్లైంది. కరెంటు మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే ఆపి ఉండవలసింది, కానీ మాటిమాటికీ ట్రిప్ అవుతున్నదని దాని హద్దు పెంచుతూ తిప్పుడుబిళ్లను పైకి జరిపింది నేనే. తప్పంతా డబ్బామీద వేయలేను.

తరువాత మూడు తీగల్లోనూ కరెంటును కొలిచే రిలేను అదనంగా పెట్టించాను. ఆ మోటారు మళ్లీ కాలలేదు, అయితే మా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు కూడా అప్పటినుంచి తక్కువగానే పోతున్నాయి. బావి గట్టుమీద మోటారు ఉన్నవారికి మూలుగు మారగానే చెవికి తెలుస్తుంది కనుక పాత డబ్బా చాలునేమో. నా మోటారు 600 అడుగుల లోతున ఉన్నది.