బోరు మోటారుకు ఊనో బోర్డు: 2048 బైట్లతో నెగ్గుకురావడం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు పొలాల్లో బోరు మోటారును మెసేజ్‌తో ఆన్, ఆఫ్ చేసే పెట్టె కట్టాలంటే ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలు బోర్డు, మెసేజ్‌లు అందుకునే సిమ్800ఎల్ మాడ్యూలు, స్విచ్చులా పనిచేసే రిలే, చిన్న ఓలెడ్ స్క్రీను చాలు. పిన్నులకు కొదవ లేదు, ప్రోగ్రాముకు 32 కేబీ ఉంది. ఇరుకంతా ప్రోగ్రాము నడిచేటప్పుడు వాడుకునే ర్యామ్ దగ్గరే. బోర్డు మీది ఏటీమెగా328పీ చిప్‌లో ఉన్నది 2048 బైట్లు.

అందులో సగం స్క్రీనే మింగుతుంది. 128×64 ఓలెడ్‌కు అడాఫ్రూట్ లైబ్రరీ పెడితే, స్క్రీనును మొదలుపెట్టే బిగిన్ ఫంక్షన్‌ను పిలిచినప్పుడు 1024 బైట్లు మాలాక్‌తో (ప్రోగ్రాము నడుస్తుండగా మెమరీ అడిగి తెచ్చే ఫంక్షన్) తీసుకుంటుంది. కంపైల్ లెక్కలో అది కనపడదు. గ్లోబల్స్ (ప్రోగ్రాము నడిచినంతసేపూ ఉండే వేరియబుల్స్) 900 బైట్లు, 43 శాతం అని చూసి ధీమాగా ఉంటాం. మిగిలిన 1148లో స్టాకుకని (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడే చోటు) మాలాక్ 128 పక్కన పెడుతుంది, ఇక 1024 ఎక్కడిది? స్క్రీను వెలగదు, మనం వైర్లు పీకి చూస్తుంటాం. యూ8జీ2 లైబ్రరీని పేజీ పద్ధతిలో, అంటే బొమ్మను ముక్కముక్కలుగా గీసేలా వాడితే 128 బైట్లతో పని జరుగుతుంది.

అసలు తంటా స్ట్రింగ్‌తో, అంటే అక్షరాలు దాచుకునే ఆర్డుయినో వేరియబుల్‌తో. మెసేజ్‌ను ఒక్కో అక్షరం కలుపుతూ పోతే రీయాలాక్ (ఉన్న చోటును పెంచమని అడగడం) మీద రీయాలాక్. పక్కన ఇంకో ముక్క ఉంటే కొత్తచోట తీసుకుని, కాపీ చేసి, పాతది వదలాలి. కాసేపు రెండింటికీ చోటు కావాలి. ఇంగ్లీషు మెసేజ్ 160 అక్షరాలు. ఒడియా లిపిలో వచ్చే ప్రచార మెసేజ్ 70 అక్షరాలే అయినా, మాడ్యూలు ఒక్కోదాన్ని నాలుగు హెక్స్ అంకెలుగా పంపుతుంది, అంటే 280 బైట్లు. మాలాక్ చోటిచ్చే హీప్‌కు ఇలా చిల్లులు పడ్డాక మొత్తం ఖాళీ ఉన్నా వరస చోటు దొరకదు. స్ట్రింగ్ కిక్కురుమనకుండా ఉన్నంతలోనే ఆగిపోతుంది. ఆఫ్ పంపినా మోటారు తిరుగుతూనే ఉంటుంది.

కరెంటు పోయి వచ్చే చోట ఈ జబ్బు బయటపడదు, బోర్డు ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది కనక. బ్యాటరీ తగిలించాకే తెలుస్తుంది. కోతలు కూడా ఒక్కోసారి మందే!

స్ట్రింగ్‌కు బదులు 161 బైట్ల క్యార్ ఎరే (పొడవు మారని అక్షరాల వరస) ఒకటి గ్లోబల్‌గా పెట్టండి. ముందు పంపినవారి నంబరు సరిచూడండి, 160 దాటిన అక్షరాలు చదివి పారేయండి. ప్రింట్ చేసే కోట్స్‌లోని మాటలు ఎఫ్ మాక్రోలో వేయండి, అవి ర్యామ్‌లోకి రాకుండా ప్రోగ్రాము మెమరీలోనే ఉంటాయి.

నెట్‌వర్క్ వెతికేటప్పుడే రీసెట్ అవుతుంటే తప్పు మెమరీది కాదు. సిమ్800ఎల్ ఒక్కసారిగా 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 3.4 నుంచి 4.4 వోల్టుల సొంత సప్లై ఇవ్వాలి.

స్ట్రింగ్ వదల్లేమంటే 8 కేబీ ఉన్న మెగా 2560 కొనండి. చిల్లులు అక్కడా పడతాయి, కాస్త ఆలస్యంగా. నానోకు మారి లాభం లేదు, అందులోనూ ఇదే చిప్.