భాషా మోడల్ తెలుగును ఎలా ముక్కలు చేస్తుందో చూశాకే చందా కట్టండి

అనంతపురం జిల్లాలో వేరుశనగ రైతులకు సలహాలు పంపే ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేస్తాను. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ బులెటిన్లలో మా రైతులకు పనికొచ్చేది ఏరి, భాషా మోడల్‌తో (చాట్‌జీపీటీ లాంటి, అడిగింది రాసిపెట్టే ప్రోగ్రామ్) చిన్న తెలుగు సందేశంగా రాయించి, సరిచూసి వాట్సాప్‌లో పంపుతాం. చదవడం రానివాళ్లకు అదే ఆడియోగా వెళ్తుంది. ఏ మోడల్ ఎంత తెలివైనదో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ జోలికి పోను. ఇన్నాళ్ల వాడకంలో నా పనిని నిలబెట్టిందీ, పడగొట్టిందీ ఒక్కటే: టోకెనైజర్. అంటే రాతను మోడల్ మింగగలిగేలా ముక్కలు కోసే భాగం. ఆ ముక్కలనే టోకెన్లంటారు.

కంప్యూటర్‌లో ఒక ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. తెలుగులో ప్రతి హల్లుకూ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమే, లోపల ఆరు సంకేతాలు, 18 బైట్లు. టోకెనైజర్ పదకోశంలో, అంటే దానికి ముందే తెలిసిన ముక్కల జాబితాలో, తెలుగు ముక్కలు తక్కువగా ఉంటే అది మాటను కాదు, ఈ బైట్లనే నరుక్కుంటూ పోతుంది. బిల్లూ, సమాధానం పొడవుకు పరిమితీ రెండూ టోకెన్ల లెక్కే. ఎస్సెమ్మెస్‌లు పంపిన రోజుల్లోనూ మనకు ఇదే బాధ ఉండేది. ఇంగ్లిష్‌కు 160 అక్షరాలు పట్టే సందేశంలో తెలుగు 70 దగ్గరే ఆగిపోయేది.

మొదట్లో మేం చందా కట్టి వాడిన సేవ తెలుగు బాగానే రాసేది. తోటివాళ్లందరికీ నేనే చెప్పి పెట్టించాను. ఒక ఖరీఫ్‌లో తిక్క ఆకుమచ్చ తెగులు గురించి సందేశం రాయించాం. లక్షణాలు, మందు పేరు, మోతాదు అన్నీ పొందిగ్గా వచ్చాయి. చివరి వాక్యం మాత్రం ‘వర్షం పడే సూచన ఉన్నప్పుడు పిచికారీ చేయ’ దగ్గర తెగిపోయింది. పక్కనే నల్ల డైమండ్‌లో ఒక ప్రశ్నార్థకం. ఆ సేవ ముందే పెట్టి ఉంచిన పరిమితి అక్కడ అయిపోయింది, అదీ ఒక అక్షరానికి ఉండే మూడు బైట్ల మధ్యలో. పోయింది ‘కూడదు’ అన్న ముక్క. తెలుగులో క్రియ చివర్న వస్తుంది, వద్దు అనే మాటా అక్కడే ఉంటుంది. తోక తెగితే సలహా మొత్తం తలకిందులవుతుంది. ఆడియో చదివే అక్క ఇది చూసి, ‘చేయమనా, వద్దనా?’ అని ఆపేసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఎవరో ఒకరు ‘చేయండి’ అని పూర్తి చేసి పంపేసేవాళ్లు. అప్పు తెచ్చి కొన్న మందు వానకు కొట్టుకుపోతే ఆ రైతుకు మేం ఏం చెప్పాలి? ఆ కోపం నాకింకా తగ్గలేదు. సహాయ విభాగానికి రాస్తే ఇంగ్లిష్‌లో పరిమితి సరిపోతోందని జవాబిచ్చారు.

అందుకే 2024 మేలో చాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్‌ఏఐ సంస్థ జీపీటీ-4ఓ అనే మోడల్‌తో పాటు కొత్త టోకెనైజర్ లెక్కలు బయటపెట్టినప్పుడు అంత సంతోషపడ్డాను. వాళ్లు చూపిన తెలుగు నమూనా వాక్యాలకు పాత పద్ధతిలో 159 టోకెన్లు, కొత్త దాంట్లో 45. పదకోశం దాదాపు లక్ష ముక్కల నుంచి రెండు లక్షలకు పెరిగింది, అందులో మన భాషల ముక్కలకు చోటు దొరికింది. ముక్కలను రంగురంగుల్లో చూపించే ఉచిత పేజీలో మా పాత సందేశాలు పెట్టి చూశాను. అంతకుముందు చిల్లపెంకుల్లా కనిపించిన మాటలు ఈసారి ‘లు’, ‘కు’ లాంటి ప్రత్యయాలతో సహా పోల్చుకునేలా కనిపించాయి. అలాంటి టోకెనైజర్ ఉన్న మోడల్‌కు మారాక సందేశాలు తెగిపోవడం ఆగింది. బిల్లు కూడా బాగా తగ్గింది.

అలాగని తెలుగు సమస్య తీరిపోయిందని చెప్పలేను. ముక్కలు బాగా కోసినంత మాత్రాన మోడల్‌కు సేద్యం రాదు. పరిశోధన పత్రాల్లో మోతాదు హెక్టారుకు ఉంటుంది, మా రైతు ఎకరాల్లో లెక్కేస్తాడు. హెక్టారంటే సుమారు రెండున్నర ఎకరాలు. ఈ భాగహారం ఒకసారి సరిగ్గా చేస్తుంది, ఇంకోసారి హెక్టారు అంకెనే ఎకరానికి రాసేస్తుంది, అదీ ఏ తడబాటూ లేని చక్కని తెలుగులో. తెగిన వాక్యమైతే కంటికి కనిపిస్తుంది. ఇది కనిపించదు, నాకు దీనితోనే ఎక్కువ టెన్షన్. ఇప్పుడు మోతాదుల అంకెలు మోడల్‌తో రాయించడం మానేశాం, చేత్తో నింపుతున్నాం.

మాకు పంపే ముందు గట్టిగా చదివే మనిషి ఉంది, సందేశాలూ తక్కువే, కాబట్టి ఈ ఏర్పాటు సరిపోతోంది. వేల మందికి మనిషి చూడకుండా నేరుగా పంపే సంస్థలకు నేను సిఫార్సు చేయను. పత్రికలో సారాంశాలు రాయించేవాళ్ల అవసరాలు వేరు, వాళ్లకు నా ఇబ్బందులు ఉండకపోవచ్చు. ఎవరైనా సరే, చందా కట్టే ముందు మీరు రోజూ రాసే తెలుగు ఒక పేరా, దాని ఇంగ్లిష్ అనువాదం ఆ ముక్కల పేజీలో పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగు లెక్క మరీ ఎక్కువొస్తే, కనీసం సమాధానం పరిమితి పెంచుకునే వీలుందా అని అడిగాకే డబ్బు కట్టండి.