పిట్స్‌బర్గ్‌లో గుడి కాక ఇంకేముంది?

పిట్స్‌బర్గ్ వెళ్ళొచ్చామంటే మావాళ్ళలో గుడికి వెళ్ళొచ్చామనే అర్థం. కొలంబస్ నుంచి మూడు గంటల డ్రైవు, పెన్ హిల్స్ గుట్ట మీద వెంకన్న దర్శనం, క్యాంటీన్‌లో పులిహోర, చీకటి పడేలోగా వెనక్కి. పదేళ్ళుగా ఇదే తంతు. ఈసారి విశాఖ నుంచి అమ్మానాన్న వచ్చారు. నాన్న స్టీల్‌ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమి) డిపార్టుమెంటులో రిటైరయ్యారు. "ఒరేయ్, ఉక్కు ఊరికి తీసుకొచ్చి గుడి చూపించి పంపేస్తావా?" అన్నారు. సరేనని శుక్ర, శనివారాలు ఉండేలా వెళ్ళాం.

బస దగ్గరే పప్పులో కాలేశాను. ఊరి నడిబొడ్డున హోటల్ తీసుకుంటే అన్నిచోట్లకీ నడిచి వెళ్ళొచ్చనుకున్నా. రాత్రి పార్కింగ్‌కి విడిగా బాదారు, పొద్దున టిఫిన్‌లో శాకాహారమంటే బ్రెడ్డూ అరటిపండే. అమ్మ తెచ్చిన చేగోడీలే కాపాడాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు మన్రోవిల్ వైపు దిగడం మేలు: పార్కింగ్ గొడవుండదు, గుడీ దగ్గరే.

మొదట డ్యూకేన్ ఇంక్లైన్ ఎక్కాం. కొండవాలుకి వేసిన పట్టాల మీద ఒకటి ఎక్కుతుంటే ఇంకోటి దిగే రెండు చెక్క పెట్టెలు, 1877 నాటివి. లోపల గోడలకి నగిషీ చెక్కిన చెక్క, పాతకాలం జమీందారు ఇంటి గదిలా ఉంది. 1962లో మూతపడితే కొండ మీది జనం చందాలేసుకుని మరుసటి ఏడే మళ్ళీ నడిపించుకున్నారట. పైనుంచి చూస్తే అల్లెగెనీ, మొనాంగహీలా కలిసి ఒహాయో నదిగా మారే చోటు బొమ్మ గీసినట్టు కనిపిస్తుంది. "సంగమంలో ఎవరూ స్నానం చెయ్యట్లేదేం?" అని అమ్మ.

నదులు కలిసే ఆ కొన కోసమే ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ కొట్టుకున్నారు. 1754లో ఫ్రెంచివాళ్ళు కట్టిన కోటని 1758లో వాళ్ళే తగలబెట్టుకుని వెళ్ళిపోతే, ఇంగ్లీషువాళ్ళు ఫోర్ట్ పిట్ కట్టారు. అందులో ఇప్పుడు మిగిలింది 1764 నాటి బ్లాక్ హౌస్ అనే చిన్న ఇటుక గది. టిక్కెట్టు లేదు, పది నిమిషాలు చాలు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో 42 అంతస్తుల క్యాథెడ్రల్ ఆఫ్ లెర్నింగ్‌లో ఒక్కో దేశం పేరుతో ఒక్కో తరగతి గది ఉంది. మనది నలందా తరహా ఇటుక గది. బాగుంది, కానీ నాకు పోలిష్ గదే ఎక్కువ నచ్చింది.

అసలు సంగతి శనివారం, క్యారీ ఫర్నేసెస్ దగ్గర. 1907లో కట్టి 1978 దాకా నడిచిన రెండు బ్లాస్ట్ ఫర్నేసులు, 92 అడుగుల ఎత్తున తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. టూర్ ముందే బుక్ చేసుకోవాలి, చెప్పులతో రానివ్వరు. దాదాపు రెండు గంటలు నిలబడాలి. అమ్మ సగంలో కూలబడింది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి.

నాన్న మాత్రం గైడుని వదిలేసి క్యాస్ట్ హౌస్, అంటే కరిగిన ఇనుము బయటికి పారే షెడ్డు, నేల మీద గొంతుక్కూర్చున్నారు. ఇనుము పారే కాలవని వేలితో చూపిస్తూ, "ఇదిగో, ఇక్కడ అడ్డం పెడతారు. బరువైన ఇనుము కిందనుంచి జారిపోతుంది, పైన తేలే స్లాగ్, అదే మడ్డి, పక్క కాలవలోకి పోతుంది. మా దగ్గరా ఇంతే" అన్నారు. అక్కడ ఫర్నేసులకి ఆడవాళ్ళ పేర్లు పెట్టే ఆనవాయితీ ఉందని గైడు చెప్తే నవ్వారు. విశాఖలో వాటి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఇది రోజుకి వెయ్యి టన్నుల పైచిలుకు పోసేదనగానే, "మా గోదావరి దీనికి మూడు నాలుగు రెట్లు" అని నాకు మాత్రమే వినిపించేలా గొణిగారు. మూతపడ్డాక కళాకారులు కొందరు ఇక్కడి పైపులతోనే అల్లిన పెద్ద జింక తల కూడా ఉంది. నాన్న దాన్ని ఓసారి చూసి, మళ్ళీ కాలవ దగ్గరికే వెళ్ళారు.

ఇక్కడి ద్రవ ఇనుము నది దాటి హోమ్‌స్టెడ్ మిల్లుకి పోయేది. 1892 జులై 6న కార్నెగీ కంపెనీ మేనేజరు ఫ్రిక్, సమ్మె అణచడానికి మూడొందల మంది పింకర్టన్ కిరాయి కాపలావాళ్ళని పడవల్లో దింపించబోయింది ఆ మిల్లు ఒడ్డునే. కాల్పుల్లో ఏడుగురు కార్మికులు, ముగ్గురు పింకర్టన్లు పోయారు. యజమాని కార్నెగీ అప్పుడు స్కాట్లాండులో ఉన్నాడు. ఆనాటి పంప్ హౌస్ ఇంకా ఉంది. మిల్లు 1986లో మూతపడింది, ఆ జాగాలో ఇప్పుడు షాపింగ్ సెంటరు. పన్నెండు ఇటుక పొగగొట్టాలు మాత్రం వరసగా మిగిలాయి.

నాన్న ఆ పొగగొట్టాల కింద చాలాసేపు నిలబడ్డారు. చుట్టూ జనం సంచులతో తిరుగుతున్నారు.

"ఇందులో పనిచేసినోళ్ళంతా ఏమైపోయార్రా?"

నా దగ్గర జవాబు లేదు. శనివారం, గుడి మూసేస్తారేమోనని అమ్మ అప్పటికే కారెక్కి కూర్చుంది.